అలోవేలో ఒక్కరోజు: బర్న్స్ పుట్టిన ఇంటి నుంచి డూన్ వంతెన దాకా

మీ ప్రశ్న ఇది: మీరు గ్లాస్గోలో చదువుతున్నారు. జూన్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు. ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన నాన్నగారికి స్కాట్లాండు కవి రాబర్ట్ బర్న్స్ పుట్టిన ఊరు అలోవే చూడాలని కోరిక. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, ఇద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. ఒక్కరోజులో వెళ్ళి రావచ్చా, లేక బర్న్స్ ఇల్లూ కల్జీన్ కోటా కలిపి తిప్పే టూరు బస్సు ఎక్కితే మేలా?

ఒక్కరోజులో హాయిగా వెళ్ళి రావచ్చు. టూరు బస్సు మాత్రం వద్దు. కల్జీన్ కోటకే సగం పూట చాలదు. రెండూ ఒకే రోజులో పెట్టుకున్న బస్సు అలోవేలో ఎక్కువసేపు ఆగలేదు. ఆగిన కాసేపట్లో అందరూ వంతెన మీద ఫొటో దిగి, మ్యూజియం దుకాణంలో బిస్కెట్ల డబ్బా కొనుక్కుని వెనక్కి వస్తారు. నాన్నగారు అంత దూరం నుంచి వచ్చేది అందుకు కాదు కదా.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. బర్న్స్ ఈ ఊళ్ళో ఉన్నది ఏడేళ్ళే. 1759 జనవరి 25న ఇక్కడ పుట్టాడు, 1766లో కుటుంబం దగ్గర్లోని మౌంట్ ఒలిఫంట్ పొలానికి మారిపోయింది. పేరు తెచ్చిన కవితలేవీ ఇక్కడ రాసినవి కావు. అందుకే 'కవి రాసుకున్న బల్ల ఎక్కడ, కుర్చీ ఎక్కడ' అని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి అలోవే చప్పగా అనిపిస్తుంది. నిజానికి ఇది కొడుకు ఊరు అనేకన్నా తండ్రి ఊరు అంటే సరిపోతుంది. తండ్రి విలియం తన చేతులతో కట్టిన ఇల్లు ఊరికి ఒక చివర, ఆయన సమాధి ఇంకో చివర ఉన్నాయి. ఆ సమాధి ఉన్నందువల్లే బర్న్స్ కథాకావ్యం 'టామ్ ఓ షాంటర్' పుట్టింది. ఈ మూడూ ఒకే దారం మీద ఉన్నాయి. ఇల్లు, మ్యూజియం, పాత చర్చి, వంతెన: ఈ వరుసలో నడిస్తే ఆ దారం చేతికి దొరుకుతుంది. తిరగేసి నడిస్తే నాలుగు విడివిడి బొమ్మలు చూసినట్టు ఉంటుంది.

ప్రయాణం సంగతి. గ్లాస్గో సెంట్రల్ స్టేషన్ నుంచి రైలు, ఇంచుమించు 50 నిమిషాలు. మామూలు రోజుల్లో అరగంటకొకటి ఉంటుంది. క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి కాదు, ఇది గుర్తుంచుకోండి. ఎడిన్‌బరో నుంచి వచ్చే రైళ్ళలో ఎక్కువ భాగం క్వీన్ స్ట్రీట్‌లో దింపుతాయి, అక్కడి నుంచి సెంట్రల్‌కి పది నిమిషాలు నడవాలి. దిగాల్సిన పట్టణం పేరు పలికితే 'ఎయిర్', రాస్తే ఏ-వై-ఆర్. ఫోనుకి నోటితో చెబితే విమానాశ్రయాలు చూపిస్తుంది, టైపు చేయండి. దారిలో ప్రెస్ట్‌విక్ ఎయిర్‌పోర్ట్ అనే స్టేషన్ కూడా వస్తుంది. 'ఎయిర్' అని వినపడగానే సామాన్లు సర్దుకుని అక్కడ దిగిపోకండి. టికెట్టు మాత్రం రైలెక్కే ముందే యాప్‌లోనో మెషీన్‌లోనో తీసుకోండి. ఇక్కడి రైళ్ళు నడిపే స్కాట్‌రైల్‌లో 2025 సెప్టెంబరు నుంచి రద్దీవేళ ఛార్జీ ఎత్తేశారు. కాబట్టి రద్దీవేళ దాటేదాకా ఆగి ఎక్కాలన్న పాత లెక్క ఇప్పుడు లేదు. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. సగం దారి దాటాక సముద్రం, మబ్బు లేకపోతే దూరంగా ఆరన్ దీవి కొండలు కనిపిస్తాయి.

మ్యాపులో ఊరికే 'రాబర్ట్ బర్న్స్' అని కొట్టినా చిక్కే. ఆయన చనిపోయిన ఇల్లు డంఫ్రీస్‌లో ఉంది, పెళ్ళయిన కొత్తలో ఉన్న ఇల్లు మాక్లిన్‌లో ఉంది. రెండూ చూడదగ్గవే, కాని డంఫ్రీస్ ఇక్కడికి తొంభై కిలోమీటర్ల పైమాటే. 'రాబర్ట్ బర్న్స్ బర్త్‌ప్లేస్ మ్యూజియం, అలోవే' అని పూర్తిగా కొట్టండి.

ఎయిర్ స్టేషన్ నుంచి అలోవే సుమారు నాలుగు కిలోమీటర్లు. సిటీ బస్సు ఉంది, ఆదివారాలు తక్కువ తిరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారితో ముగ్గురు వెళ్తున్నారు కాబట్టి పోయేటప్పుడు టాక్సీ మంచిది. డ్రైవరుతో 'మ్యూజియం' అనకండి, 'బర్న్స్ కాటేజ్' అనండి. మ్యూజియం అంటే ఊరి మధ్యలో దింపేస్తారు, అక్కడి నుంచి ఇంటికి వెనక్కి నడవాలి. ఎయిర్ వైపు నుంచి వస్తే ఇల్లే మొదట వస్తుంది.

ఊరు చూసి నిరాశపడకుండా ఒక ముందుమాట. 'చారిత్రక గ్రామం' అనగానే రాళ్ళ వీధులూ పాత ఇళ్ళ వరసా ఊహించుకుంటాం. అలోవే ఇప్పుడు ఎయిర్ పట్టణంలో కలిసిపోయిన కలిగినవాళ్ళ పేట. పెద్ద పెద్ద ఇళ్ళు, కత్తిరించిన పచ్చిక, వాటి మధ్యలో రోడ్డు పక్కనే తెల్ల సున్నం కొట్టిన పొడవాటి గడ్డికప్పు ఇల్లు. మీరు చూడాల్సింది అదే.

ఇంటికీ మ్యూజియానికీ ఒకటే టికెట్టు. నిర్వహణ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ వాళ్ళది. ఆన్‌లైన్లో ముందే కొనుక్కుంటే ఏ కౌంటరు ఎక్కడ అన్న బాధ ఉండదు. ఇంగ్లండ్ నేషనల్ ట్రస్ట్ సభ్యత్వం ఉన్నా ఇక్కడ ఉచితమే. ఇంగ్లిష్ హెరిటేజ్ కార్డు వేరే సంస్థది, అది చెల్లదు. పాత చర్చికీ వంతెనకీ టికెట్టు లేదు. ఇంటి వేళలు మ్యూజియం వేళలతో ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఇల్లు ముందే మూసేసే రోజులూ, కప్పు గడ్డి మార్చడానికి మూసే రోజులూ ఉంటాయి. ముందు రోజు సాయంత్రం వాళ్ళ వెబ్‌సైటులో ఇంటి వేళలు విడిగా చూసుకోండి. ఇల్లు ఆఖరికి పెట్టుకోవద్దు అనడానికి ఇది రెండో కారణం.

ఇప్పుడు ఇల్లు. దీని దగ్గర తొందరపడకండి. విలియం ఉత్తరాదిన కింకార్డిన్‌షైర్ నుంచి వచ్చిన తోటమాలి. ఇక్కడ ఏడున్నర ఎకరాలు తీసుకుని, కూరగాయల తోట వేసుకుని బతుకుదామనుకున్నాడు. 1757లో సొంత చేతులతో మట్టిగోడలు లేపి ఇల్లు కట్టాడు, ఆ ఏడాదే ఆగ్నెస్ బ్రౌన్‌ను పెళ్ళాడాడు. మొదటి సంతానం రాబర్ట్. పుట్టిన తొమ్మిదో పదో రోజున తెల్లవారకముందే పెద్ద గాలివానకు ఇంటి పక్కగోడ కూలింది. తల్లినీ పసిగుడ్డునీ ఆ గాలిలోనే పొరుగింటికి మోసుకుపోయారు, ఇల్లు బాగుచేసేదాకా వారం రోజులు అక్కడే ఉన్నారు. ఈ కథ గైడు పుస్తకాలన్నిట్లో ఉంటుంది, గోడ ఎందుకు కూలిందో మాత్రం ఉండదు. తమ్ముడు గిల్బర్ట్ దాన్ని స్పష్టంగా రాసిపెట్టాడు. విలియం మట్టిగోడలో పొయ్యికి రెండు పక్కలా రాతి నిలువులు పెట్టి, పైన రాతి దూలం వేసి, పొగగొట్టం లేపాడు. మట్టిగోడ ఆరేకొద్దీ కిందికి దిగుతుంది, రాయి దిగదు. చుట్టూ గోడ కుంగుతుంటే మధ్యలో రాళ్ళు మాత్రం కదలకుండా నిలబడి, గోడను నడిమి నుంచి బయటికి తోసేశాయి. గాలివాన ఒక సాకు మాత్రమే. మట్టిమిద్దెలో రాతి ద్వారబంధం పక్కన నెర్రె ఎందుకు పడుతుందో తెలిసిన మనవాళ్ళకి ఇది చెబితే ఇట్టే అర్థమవుతుంది. వంటగదిలో పొయ్యి ముందు నిలబడి నాన్నగారికి ఈ సంగతి చెప్పండి, ఆ గోడను చూసే చూపే మారిపోతుంది.

లోపల ఒకే వరసలో వంటిల్లు, ఇంకో గది, పశువుల కొట్టం, ధాన్యపు కొట్టు. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు. వంటింట్లో గోడలోకి అమర్చిన పెట్టెలాంటి మంచం ఉంది, బర్న్స్ పుట్టింది అందులోనే. నలుగురు పిల్లలు ఈ ఇంట్లో పుట్టారు. గుమ్మాలు పొట్టివి, నాన్నగారు పొడగరి అయితే తల వంచమని చెప్పండి. నేల ఎగుడుదిగుడు, వెలుతురు తక్కువ. బయటి ఎండలోంచి నేరుగా వస్తే అరనిమిషం ఏమీ కనపడదు. అమ్మగారిని గుమ్మంలో ఒక్క క్షణం ఆపి, ఆ తర్వాత అడుగు వేయించండి.

ఇంకో రెండు సంగతులు ఈ ఇంట్లోనే చెప్పుకోవాలి. 1781లో విలియం దీన్ని ఎయిర్ చెప్పులు కుట్టేవాళ్ళ సంఘానికి అమ్మేశాడు. తర్వాత వందేళ్ళపాటు ఇందులో సారా అంగడి నడిచింది. ప్రపంచమంతా ఇప్పుడు చేసుకునే 'బర్న్స్ విందు' మొదటిసారి జరిగింది ఈ అంగడిలోనే, 1801లో. ఆయన చనిపోయి అయిదేళ్ళయిన సందర్భంగా తొమ్మిదిమంది కూర్చుని హాగిస్ అనే మాంసం వంటకం తిని కవితలు చదువుకున్నారు. ఇక 1914 జూలైలో ఒక అర్ధరాత్రి ఇద్దరు ఆడవాళ్ళు ఈ ఇంటిని బాంబుతో పేల్చబోయారు. ఓటుహక్కు కోసం పోరాడుతున్న వాళ్ళు వాళ్ళు. కాపలావాడి కంటపడడంతో ఇల్లు దక్కింది. దొరికిన ఫ్రాన్సిస్ పార్కర్ స్వయానా బ్రిటిష్ సేనాని లార్డ్ కిచెనర్ మేనకోడలు.

ఇంటి నుంచి మ్యూజియానికి 'పొయెట్స్ పాత్' అనే కాలిబాట ఉంది, మెల్లగా నడిస్తే పది పదిహేను నిమిషాలు. చదునుగా ఉంటుంది, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. నడవలేకపోతే ఇంటి దగ్గరున్న సిబ్బందిని అడగండి, మొహమాటపడకండి. దారిలో పెద్ద ఎలుక విగ్రహం ఒకటి కనపడుతుంది. నాగలితో పొలం దున్నుతూ ఎలుక గూడు చెదరగొట్టినందుకు బర్న్స్ 1785లో రాసిన కవిత గుర్తుగా పెట్టింది.

మ్యూజియంలో వస్తువులు అయిదువేలకు పైగా ఉన్నాయి. అన్నీ ఒకేసారి ప్రదర్శనలో ఉండవు, అన్నీ చూడాలనీ పెట్టుకోకండి. వెలుతురు కావాలనే తగ్గించి పెడతారు. పాత కాగితానికి వెలుతురే శత్రువు. ఫ్లాష్ ఆపేయండి, నాన్నగారి దగ్గరిచూపు కళ్ళజోడు తప్పకుండా తీసుకెళ్ళండి. చేతిరాత దగ్గర నిలబడి చదవడానికి అది లేకపోతే సగం పోయినట్టే. రెండు సంపుటాల చిన్న బైబిలు ఒకటి అడిగి చూడండి. 1786లో బర్న్స్ మేరీ కాంప్‌బెల్ అనే అమ్మాయికి ఇచ్చినది. ఆ శరదృతువులోనే ఆమె చనిపోయింది.

అదే 1786 గురించి నాన్నగారితో మాట్లాడవలసిన ఇంకో విషయం ఉంది, క్లాసులో ఎవరూ చెప్పనిది. అప్పులూ గొడవలూ ముదిరి, బర్న్స్ జమైకాలో బానిసలు పనిచేసే తోటలో గుమస్తాగా చేరడానికి ఒప్పుకుని ఓడ టికెట్టు సిద్ధం చేసుకున్నాడు. దారిఖర్చు కోసం చందాలు పోగుచేసి కిల్మార్నక్‌లో కవితలు అచ్చువేయించాడు: 612 కాపీలు, ఒక్కోటి మూడు షిల్లింగులు. నెల తిరిగేసరికి దాదాపు అన్నీ అమ్ముడుపోయాయి, ప్రయాణం ఆగిపోయింది. 'మనిషి మనిషే' అని పాడినవాడి జీవితంలో ఇదీ ఉంది. దీన్ని దాటవేసి చూడడం నాకు సమ్మతం కాదు.

తిండి సంగతి ఇక్కడే తేల్చుకుందాం, అలోవేలో హోటళ్ళు ఎక్కువ లేవు. హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ముక్కలు చేసి ఓట్స్, కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలతో కలిపి ఉడికించింది. శాకాహార హాగిస్ విడిగా దొరుకుతుంది, పప్పులూ ఓట్స్‌తో చేసింది, మన నోటికి బాగానే ఉంటుంది. కాని ఇక్కడ 'వెజిటేరియన్' అంటే గుడ్డు ఉండవచ్చు. మీవాళ్ళకి 'వీగన్' అన్న గుర్తు చూసుకోవడం మేలు. బార్లీ, కూరముక్కలు కనిపించే స్కాచ్ బ్రాత్ చూడ్డానికి శాకాహారమే, రసం మాత్రం మాంసానిది కావచ్చు. చిప్స్‌ని పశువు కొవ్వులో వేయించే దుకాణాలు స్కాట్లాండులో ఇంకా ఉన్నాయి, ఏ నూనె అని అడగండి. అన్నిటికన్నా తేలిక, ఇంట్లో పులిహోర కలుపుకుని పోవడం. కఫేలో బయటి తిండి తిననివ్వరు, బయటి బెంచీల మీద తినవచ్చు. వేడివేడి టీ మాత్రం కఫేలో తాగండి, అమ్మగారికి కాసేపు కూర్చున్నట్టూ ఉంటుంది.

భోజనమయ్యాక రోడ్డు దాటి పాత చర్చికి. ఇక్కడి నుంచే అసలు కథ, అందుకే ముందు రోజు రాత్రి 'టామ్ ఓ షాంటర్' ఒకసారి చదువుకుని రమ్మంటాను. రెండువందల పైచిలుకు పంక్తులు, పైకి చదివితే పావుగంట. పైకే చదవాలి. ఉత్తరాంధ్ర యాసలో రాసిన కథను కళ్ళతో చదివితే తడబడతాం, నోటితో చదివితే చెవికి అందుతుంది. బర్న్స్ ఈ పద్యం రాసిన స్కాట్స్ భాష కూడా అంతే. ఆల్డ్ అంటే పాత, కర్క్ అంటే చర్చి, బ్రిగ్ అంటే వంతెన, బెయిర్న్ అంటే పిల్ల, కెన్ అంటే తెలియడం, సార్క్ అంటే చొక్కా. ఈ అరడజను పట్టుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి.

కథ చిన్నది. సంత రోజు ఎయిర్‌లో పీకలదాకా తాగిన టామ్ తుఫాను రాత్రి గుర్రం మీద ఇంటికి బయలుదేరతాడు. పాడుబడ్డ అలోవే చర్చిలో దీపాలు వెలుగుతుంటే కిటికీలోంచి తొంగిచూస్తాడు. లోపల మంత్రగత్తెలు చిందులేస్తుంటారు, సైతాను సన్నాయిలాంటి బ్యాగ్‌పైపు ఊదుతుంటాడు. పొట్టి చొక్కా తొడుక్కున్న పడుచు మంత్రగత్తె నాన్నీ ఆట చూసి మైమరచి 'భేష్, కటీ సార్క్!' అని అరుస్తాడు. అంతే, దీపాలన్నీ ఆరిపోతాయి, గుంపంతా వెంటపడుతుంది. పారే నీళ్ళను దయ్యాలు దాటలేవు, కాబట్టి డూన్ నది మీది వంతెన నడిబొడ్డు దాటితే బతికినట్టే. గుర్రం మెగ్ దాటుతుంది, దాని తోక మాత్రం నాన్నీ చేతికి చిక్కి ఊడివస్తుంది.

చర్చి ఇప్పుడు కప్పులేని నాలుగు గోడలు. పదహారో శతాబ్దపుది, బర్న్స్ కాలానికే పాడుబడింది. పైకప్పు చెక్కను జనం పట్టుకుపోయి నశ్యం డబ్బాలు చేసుకున్నారు. తూర్పు వైపు ఎటో ముందు చూసుకోండి. పద్యంలో సైతాను కూర్చున్నది తూర్పు కిటికీ అరుగు మీద. బయట గోరీల మధ్య నిలబడి లోపలికి తొంగిచూస్తే టామ్‌కి కనపడిందేమిటో మీకూ లెక్క తెలుస్తుంది. ఎంత ఇరుకో అప్పుడు అర్థమవుతుంది. అంత గుంపు అంత చిన్న చోట ఆడడం వల్లే ఆ పద్యానికి ఆ వేగం.

గేటుకి దగ్గర్లోనే విలియం సమాధి. 1784లో లాక్లీ పొలంలో చనిపోతే ఆయన శవాన్ని ఇక్కడికి తెచ్చి పాతిపెట్టారు. మొదటి రాయిని జ్ఞాపకంగా ఇంత ఇంత ముక్క విరుచుకుపోయినవాళ్ళు మిగల్చలేదు, ఇప్పుడున్నది తర్వాత పెట్టింది. ఎక్కువమంది ముందువైపు పేరు చూసి వెళ్ళిపోతారు. మీరు రాయి వెనకవైపుకి వెళ్ళి చూడండి. తండ్రి మీద బర్న్స్ రాసిన చరమపద్యం అక్కడ చెక్కి ఉంది. చివరి పంక్తి మాత్రం ఇంకో కవి గోల్డ్‌స్మిత్ నుంచి తీసుకున్నది. ఆ మనిషి లోపాలు కూడా మంచివైపే ఒరిగేవని భావం. ఈ పేదరైతు ఇరుగుపొరుగుతో కలిసి జీతమిచ్చి జాన్ మర్డాక్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి పిల్లలకు చదువు చెప్పడానికి పెట్టాడు. మ్యూజియం ఉన్న వీధి పేరు మర్డాక్స్ లోన్. బర్న్స్‌కి ఇంగ్లీషు వ్యాకరణం నేర్పింది ఆ మాస్టారే. మీ నాన్నగారికి ఇది ఇంకాస్త దగ్గరగా తగులుతుందనుకుంటాను.

1789లో పాత కట్టడాల బొమ్మలు గీయిస్తూ తిరుగుతున్న ఫ్రాన్సిస్ గ్రోస్ అనే పండితుడు బర్న్స్‌కి స్నేహితుడయ్యాడు. 'మా నాన్న అక్కడ ఉన్నాడు, అలోవే చర్చి బొమ్మ కూడా మీ పుస్తకంలో వేయండి' అని బర్న్స్ అడిగాడు. 'అక్కడి దయ్యాల కథ ఒకటి రాసిస్తే వేస్తాను' అన్నాడు గ్రోస్. అలా 1790లో ఎలిస్‌లాండ్ పొలంలో ఉండగా రాసిన పద్యం, 1791లో గ్రోస్ పుస్తకంలో చర్చి బొమ్మ కింద అచ్చయింది. తండ్రి సమాధికి ఒక బొమ్మ సంపాదించాలన్న కోరికే దీనికంతటికీ మూలం. ఈ సంగతి తెలియకుండా వంతెన చూస్తే అది ఉత్త వంతెనే.

చర్చి నుంచి రోడ్డు వెంట కాస్త కిందికి నడిస్తే బర్న్స్ స్మారకం, దాని తోట. టామస్ హామిల్టన్ గీసిన గ్రీకు పద్ధతి కట్టడం, 1823లో పూర్తయింది, ఎత్తు 70 అడుగులు. తొమ్మిది స్తంభాలు తొమ్మిదిమంది కళాదేవతలకు గుర్తు. తోటలో గులాబీలు జూన్ చివరికి బాగుంటాయి. కట్టడం కన్నా అక్కడి నుంచి కిందికి కనపడే వంతెన కోసం వెళ్ళండి.

వంతెన దగ్గర అమ్మగారి విషయంలో జాగ్రత్త. బ్రిగ్ ఓ డూన్ పదిహేనో శతాబ్దపు ఒంటికమాను రాతివంతెన, నిడివి 72 అడుగులు, నీటి నుంచి ఎత్తు 26 అడుగులు. అంత తక్కువ పొడవులో అంత ఎత్తు కాబట్టి నడిమికి నిట్రంగా ఎక్కి అటువైపు దిగాలి. కింద గుండ్రాళ్ళు పరిచి ఉన్నాయి. వాన పడ్డాక నాచు పట్టి జారతాయి, మెరక దిగేటప్పుడే ఎక్కువ జారుతుంది. పట్టుకోవడానికి కడ్డీ లేదు, పక్కన పిట్టగోడలే ఆధారం. వాన కురిసి ఉంటే అమ్మగారిని ఎక్కించకండి. పక్కనే 1816లో వేసిన కొత్త రోడ్డు వంతెన ఉంది, చదునుగా ఉంటుంది. కమాను మొత్తం, దాని నీడ నీటిలో కలిసి నిండు గుండ్రంగా కనపడేది అక్కడి నుంచే. పాత వంతెన మీద నిలబడి ఫొటో దిగినవాళ్ళకి ఆ కమాను కనపడదు. నాన్నగారు ఎక్కగలిగితే నడిమధ్య శిఖరపు రాయి దగ్గర ఆగమనండి. గుర్రం తోక పోయింది సరిగ్గా అక్కడే. ఊళ్ళోకి తిరిగి చూస్తే చర్చి ఎంత దగ్గరో, ఆ పరుగు ఎంత చిన్నదో తెలుస్తుంది.

శనివారం మధ్యాహ్నం వద్దు. పక్క హోటల్లో పెళ్ళిళ్ళుంటాయి, వంతెన మీద పెళ్ళి ఫొటోలు సాగుతూనే ఉంటాయి. వారం మధ్యలో వెళ్ళండి. గొడుగు కన్నా టోపీ ఉన్న రెయిన్‌కోటు నయం, సముద్రపు గాలికి గొడుగు తిరగబడుతుంది. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది కాబట్టి ఎండ పోతుందన్న కంగారు లేదు. జనవరి 25న వెళ్దామని కొందరు అనుకుంటారు, ఆ రోజుల్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి.

వేళల లెక్క ఇలా వేసుకోండి: తొమ్మిదికి గ్లాస్గోలో రైలు, పదిన్నరకు ఇంట్లో, పదకొండున్నరకు బాట పట్టి, ఒంటిగంటన్నర దాకా మ్యూజియం, తర్వాత తిండి. రెండున్నరకు చర్చి, నాలుగు లోపు వంతెన. వంతెన ఊరికి పల్లంలో ఉంది, తిరిగి ఎక్కించకుండా అక్కడికే టాక్సీ పిలిపించుకోండి. ఓపిక మిగిలితే ఎయిర్‌లో పాత వంతెన మీద ఆగండి. బర్న్స్ ఒక పద్యంలో పాత, కొత్త వంతెనలు రెండూ పోట్లాడుకుంటాయి. నువ్వు రాళ్ళగుట్టవయ్యాక కూడా నేను వంతెనగానే ఉంటానని పాతది అంటుంది. 1877 వరదలకు కొత్తది దెబ్బతిని మళ్ళీ కట్టాల్సివచ్చింది, పాతది ఇప్పటికీ నడిచేవాళ్ళకి ఉంది.

చివరిగా డబ్బు. బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్ళ 5 పౌండ్ల నోటు ఒకటి సంపాదించి జేబులో పెట్టుకోండి. వెనకవైపు ఈ డూన్ వంతెన బొమ్మే ఉంటుంది, అక్కడే పక్కన పెట్టి చూసుకోవచ్చు. దాన్ని నాన్నగారికి ఉంచేయండి. మిగిలిన స్కాటిష్ నోట్లు మాత్రం అమ్మానాన్నలు లండన్ వెళ్ళేలోపు ఇక్కడే ఖర్చుపెట్టండి, అక్కడి దుకాణాల్లో కొందరు తీసుకోవడానికి తటపటాయిస్తారు. లండన్‌లో గ్రీనిచ్‌కి వెళ్తే 'కటీ సార్క్' అనే పాత ఓడ ఉంది, 1869 నాటిది. ముందుకొయ్య మీద నాన్నీ బొమ్మ, చాచిన చేతిలో మెగ్ తోక.